ముప్పై ఒక్క కాయిదాలు, ఒక వాగు

మా దఫ్తరులో మోటారు ఒకటే ఉండేది. దాన్ని జాగ్రత్తగా నడపడానికి కాయిదాలు, అంటే నిబంధనలు, ముప్పై ఒకటి ఉండేవి.

మీరిప్పుడు ఆఫీసు జీపుల్లో తిరుగుతున్నారు. పని మీద ప్రయాణించే ఉద్యోగులు పాటించవలసిన జాగ్రత్తలంటూ మీకూ ఒక కాగితం ఇచ్చే ఉంటారు. దాని కింద మీరు సంతకమూ పెట్టే ఉంటారు. చదివారా అని అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. నేను మాత్రం చదివాను. రోజూ పొద్దున్నే, దఫ్తరు వసారాలో నిలబడి, పైకి చదివాను. అయినా ఏం జరిగిందో చెబుతాను.

నిజాం సర్కారు రోజులు. రెండో యుద్ధం ఇంకా రాలేదు. నాందేడులో రోడ్లూ మోరీలూ చూసుకునే ఒక దఫ్తరులో నేను డ్రైవరుని. మహకమా, అంటే శాఖ, పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. పేర్లు లేకున్నా గుర్తుపట్టగలిగినవాళ్ళలో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళకు చదవడానికి చూపు ఆనదు.

అంతకు ముందు నేను పత్తి జిన్నింగు మిల్లులో నూనె ఇంజను దగ్గర పనిచేసేవాణ్ణి. ఇంజను నడిపినవాడు మోటారు నడపలేడా అని మా సాబ్ నన్ను తీసుకున్నాడు. రెండింటికీ ఒక తేడా ఉంది. నూనె ఇంజను ఉన్నచోటే ఉంటుంది. ఈ సంగతి మొదటిరోజు దఫ్తరు ప్రహరీ గోడకు తెలిసింది.

ఆ మోటారు హైదరాబాదులో ఒక జాగీర్దారు వాడి విడిచినది. ముందు నిలబడి ఇనుప హాండిల్ తిప్పితే గాని లేచేది కాదు. హాండిల్ తిప్పేది మా క్లీనరు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళు అదే దఫ్తరులో ఎడ్లబండి తోలాడు. మోటారు రాగానే ఎడ్లను అమ్మేశారు. మనిషిని అమ్మడం కుదరదు కనుక క్లీనరుని చేశారు. భోకర్ దగ్గర పల్లె ఆయనది. ఇంట్లో తెలుగు, సంతలో మరాఠీ, సాబ్ ముందు మౌనం. నేను కాకా అనేవాణ్ణి, ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

ఇక కాయిదాలు ఎలా పుట్టాయో చెప్పాలి. ఒకరోజు మా జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్ పోతుండగా మా సాబ్‌కు తనే నడపాలని బుద్ధి పుట్టింది. నన్ను పక్కకు జరగమని చక్రం పట్టుకున్నాడు. రెండు మైళ్ళు బాగానే పోయాం. మూడో మైలులో రోడ్డు ఎడమకు తిరిగింది, మేము తిరగలేదు. పత్తి చేనులోకి దిగి, గట్టుకు గుద్దుకొని ఆగాం. దీపం ఒకటి పగిలింది, సాబ్ ముక్కు వాచింది. "రోడ్డు అకస్మాత్తుగా మలుపు తిరిగినందున" అని రిపోర్టులో రాశారు. ఆ రోడ్డు వేయించింది మా సాబే. ఆ మలుపు గీసింది కూడా ఆయన చెయ్యే.

ఇలాంటివి మళ్ళీ జరగకూడదని మోటారు నడపడానికి కాయిదాలు రాయమని సాబ్ హుకుం ఇచ్చాడు. రాసింది మా పేష్కారు, అంటే హెడ్డు గుమాస్తా. నాందేడులో మూడు తరాలుగా ఉన్న తెలుగు ఇంటివాడు. ఉర్దూ దస్తూరీ ముత్యాల్లా ఉండేది. మోటారు ఎక్కితే మాత్రం వాంతి చేసుకునేవాడు. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చునేవాడు. కళ్ళు మూసుకొని చూసినదంతా ఆయన కాయిదాల్లో రాశాడు.

మూడో కాయిదా: మలుపు దగ్గర, ఎడ్ల దగ్గర, బర్రెల దగ్గర హారను మోగించాలి. దారిలో మర్యాదస్థులు కనిపిస్తే ఒకసారి, ఇతరులైతే రెండుసార్లు. పదకొండో కాయిదా: డ్రైవరు నడుపుతూ నిద్రపోరాదు. పన్నెండు: నిద్రపోవలసి వస్తే ముందుగా మోటారు ఆపాలి. అయిదో కాయిదా అన్నిటికన్నా గొప్పది. పై అధికారి వేగంగా పొమ్మన్నా, ప్రమాదం ఉన్నచోటికి పొమ్మన్నా, డ్రైవరు అదబుతో, అంటే మర్యాదగా, నిరాకరించాలి. నిరాకరించిన తరువాత నౌకరీ ఎలా నిలబెట్టుకోవాలో ఆరో కాయిదాలో ఉంటుందనుకున్నాను. ఆరో కాయిదా టైర్లు తుడవడం గురించి.

ముప్పై దాకా వచ్చాక పేష్కారు నన్ను పిలిచాడు.

"ఏమోయ్, నువ్వు గూడ ఒక్కటి చెప్పు. రేపు డ్రైవరును అడగలేదు అంటరు."

నాకు తెలిసిన ఒకే ఒక్కటి చెప్పాను. స్టీరింగు చక్రం కింద చిన్న కమ్మి ఒకటి ఉంటుంది. మేము స్పార్కు అనేవాళ్ళం. బండి నడిచేటప్పుడు దాన్ని కిందికి లాగి ఉంచాలి. ఆగాక, హాండిల్ తిప్పే ముందు, పైకి నెట్టాలి. మరచిపోయి తిప్పితే ఇంజను ఉల్టా తంతుంది. హాండిల్ గుర్రం కాలులాగా వెనక్కి వచ్చి తిప్పేవాడి చేతిని విరగ్గొడుతుంది. కమ్మి డ్రైవరు చేతి దగ్గర ఉంటుంది, విరిగే చెయ్యి క్లీనరుది. అందుకని అది చూసుకోవలసిన బాధ్యత డ్రైవరుదే అని రాయమన్నాను.

"గిది బాగుంది," అని పేష్కారు దాన్ని ముప్పై ఒకటిగా రాసుకున్నాడు.

కాకాకు చదువు రాదు. రోజూ పొద్దున నేను చదువుతుంటే మోటారు కడుగుతూ వినేవాడు. ఒకరోజు అడిగాడు: "ముప్పై ఒకటి ఎందుకు బిడ్డా? తొందర పనుంటే ముందుగల్ల ఎల్లాలె. గదొక్కటి రాస్తె సాలదా?"

పేష్కారుకు చెబితే నవ్వాడు. "ఒక్కటే రాస్తె మా సాబ్‌కు ఇజ్జత్ ఏడుంటది?"

శ్రావణంలో హైదరాబాదు నుంచి పెద్ద సాబ్ భోకర్ వస్తున్నాడని తెలిసింది. ఆ చుట్టుపక్కల దఫ్తర్లవాళ్ళనందరినీ అక్కడికి రమ్మన్నాడు. మోటార్లు నడపడంలో జాగ్రత్తల గురించి మా సాబ్ తన ముప్పై ఒక్క కాయిదాలూ అక్కడ చదివి వినిపించాలి. వాటిని మిగతా జిల్లాలకు కూడా పంపుతారని, సాబ్‌కు పెద్ద జిల్లా దొరుకుతుందని దఫ్తరంతా అనుకున్నారు.

భోకర్‌కు రైలు ఉంది. ఆ మాట నేనే అన్నాను.

"మోటారు కాయిదాలు సదవనీకి రైలుల పోతె ఏం బాగుంటది?" అన్నాడు పేష్కారు. ఆ మాటలో న్యాయం ఉంది. పాపం, రైలులో అయితే ఆయనకు వాంతి కూడా అయ్యేది కాదు.

పొద్దున ఏడింటికి బయలుదేరాలి. సాబ్ షేర్వానీకి ఇస్త్రీ సరిగ్గా రాలేదని మళ్ళీ చేయించారు. తొమ్మిదిన్నరకు కదిలాం. రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి వెలిసింది. ముందు నేను, కాకా. వెనక సాబ్, పేష్కారు, కాయిదాల ఫైలు, నిమ్మకాయ. పదకొండింటికి మీటింగు. సాబ్ జేబుగడియారం తీసి చూస్తూ ప్రతి మైలురాయి దగ్గరా "ఔర్ తేజ్" అనేవాడు. నేను అదబుతో నిరాకరించి, అదబుతోనే వేగం పెంచాను.

భోకర్ ఇంకా ఆరేడు మైళ్ళుందనగా వాగు వచ్చింది. దాని మీద వంతెన లేదు, రాళ్ళు పరిచిన రప్టా ఉంది. వానాకాలం నీళ్ళు రప్టా మీదుగానే పారతాయి. అక్కడ వంతెన కట్టవలసింది మా దఫ్తరే. ఆ ఫైలు పేష్కారు అల్మారాలో నాలుగేళ్ళుగా భద్రంగా ఉంది, ఒక్క చుక్క తడవలేదు.

ఎర్రటి నీళ్ళు రప్టా మీద మోకాలెత్తున పోతున్నాయి. నేను బండి ఆపాను. కాకా దిగి, ఒక కట్టె విరిచి నీళ్ళ అంచున పాతాడు. చుట్ట కాల్చుకుంటూ కాసేపు దాన్నే చూశాడు. వచ్చి చెప్పాడు.

"తగ్గుతున్నది బిడ్డా. కట్టె ఇడిసి రెండు వేళ్ళంత ఎనుకకు పోయినయి నీళ్ళు. ఇంకో గంట కూసుంటె రాళ్ళు తేల్తయి. బీడీ తాగినంత సుఖంగ పోవచ్చు."

అది సాబ్‌కు చెప్పాను. సాబ్ ఉర్దూలో మాట్లాడేవాడు, నేను తెలుగులో చెబుతున్నాను.

"గంట తరువాత అక్కడ ఎవరుంటారు? పద."

"హుజూర్, పదిహేడో కాయిదా. నీళ్ళు జానెడు కన్నా ఎక్కువుంటే దాటకూడదని..."

"ఆ కాయిదాలు ఎవరికోసం?"

"డ్రైవర్ల కోసం హుజూర్."

"నేను డ్రైవరునా?"

నేను డ్రైవరునే కదా అనే జవాబు ఆ రాత్రి దవాఖానా వసారాలో కూర్చున్నప్పుడు తోచింది. మంచి జవాబులు నాకు ఎప్పుడూ పని అయిపోయాకే వచ్చేవి.

పేష్కారు వంక చూశాను. కాయిదాలు రాసిన మనిషి కదా, ఒక్కమాట అంటాడేమోనని. ఆయన నిమ్మకాయ వాసన చూస్తున్నాడు.

కాకా నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. "సాబ్‌నే ఆపలేనోనివి, వాగును ఆపుతవా బిడ్డా? పోనీయకు," అన్నాడు మెల్లగా. నేను పోనిచ్చాను. సాబ్ హుకుం అని తరువాత అందరికీ చెప్పాను, అది నిజమే. కాని గేరు వేసిన చెయ్యి నాది.

సగం దాకా వెళ్ళాం. ముందు చక్రం ఒక రాయి మీది నుంచి జారింది, నీళ్ళు ఎగిరి ఇంజను మీద పడ్డాయి. రెండుసార్లు దగ్గి మోటారు ఆగిపోయింది. ఒక్కసారిగా నీటి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. బండి పక్కకు కొద్దికొద్దిగా జరుగుతోంది. పేష్కారు ఫైలు నెత్తిమీద పెట్టుకొని దేవుణ్ణి మూడు భాషల్లో పిలుస్తున్నాడు. సాబ్ నా వీపు మీద చేత్తో కొడుతూ, "చలావ్! జల్దీ! జల్దీ!" అని అరుస్తున్నాడు.

కాకా దిగాడు. నీళ్ళు తొడలదాకా వచ్చాయి. బానెట్టు ఎత్తి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి తీగలు తుడిచాడు. ముందుకు పోయి హాండిల్ పట్టుకొని నా వైపు చూశాడు. ఆయన ప్రతిసారీ అలా చూసేవాడు. స్పార్కు పైకి నెట్టావా అని దాని అర్థం. నెట్టాక నేను తల ఊపేవాణ్ణి.

వెనక నుంచి సాబ్ నా వీపు మీద కొడుతూనే ఉన్నాడు. నేను తల ఊపాను.

హాండిల్ సగం తిరిగి వెనక్కి తన్నింది. కట్టె విరిగినట్లు చప్పుడు. కాకా కేక పెట్టలేదు. "అరె," అన్నాడు, అంతే. మడ్‌గార్డు మీద వాలిపోయాడు. చూసేసరికి ఆయన కుడి ముంజేయి మోచేతికీ మణికట్టుకూ నడుమ ఇంకోచోట వంగి ఉంది.

నేను దూకే ముందు కిందికి చూశాను. కమ్మి కిందికే ఉంది. దాన్ని పైకి నెట్టి అప్పుడు దూకాను. ఒక మనిషి నీళ్ళలో పడిపోతుంటే నేను మొట్టమొదట చేసిన పని అది. ఎవరూ చూడలేదు.

అవతలి గట్టు నుంచి రైతులు రెండు జతల ఎడ్లతో వచ్చారు. విరిగిన చెయ్యి రొమ్ముకు అదిమిపెట్టుకొని కాకానే వాళ్ళకు చెప్పాడు, "గాడ కాదు, ఇరుసుకు కట్టుండ్రి తాడు. మెల్లగ. కుడి ఎద్దును ఆపు." ఎడ్లను అమ్మేసి కొన్న మోటారును ఎడ్లు బయటికి లాగాయి.

సాబ్‌ను అప్పటికే ఒక రైతు భుజాల మీద ఎక్కించుకొని దాటించాడు. మోటారు బయటికి రాకముందే అక్కడినుంచి ఎడ్లబండిలో భోకర్ పోయాడు, పేష్కారుతో సహా. తడిసిన షేర్వానీతోనే ముప్పై ఒక్క కాయిదాలూ నిలబడి చదివాడట. పదిహేడోది చదివినప్పుడు గొంతు కూడా వణకలేదని పేష్కారు చెప్పాడు. అంతా విని పెద్ద సాబ్, "చాలా బాగున్నాయి. మోటారు ఎక్కడ?" అని అడిగాడట.

"వాగులో ఉంది హుజూర్," అన్నాడట మా సాబ్.

కాకాను నేను భోకర్ నుంచి నాందేడుకు రైలులో తెచ్చాను. మేము ఎక్కవద్దనుకున్న రైలే. దవాఖానాలో చెయ్యి కట్టారు గాని ఎముక సరిగ్గా కూర్చోలేదు. పట్టు పోయింది.

విచారణ పెద్ద సాబే చేశాడు. ముందురోజు పేష్కారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఇగో, ఇరవై ఆరో కాయిదా సూడు. నడిమి వాగుల ఎవ్వలు దిగొద్దని ఉన్నది. ముసలాయన హుకుం లేకుంట దిగిండు. నువ్వు గంతే చెప్పు. సాబ్ బతుకుతడు, నువ్వు బతుకుతవు."

"మరి కాకా?"

"ఆయన చెయ్యి ఎట్లాగు పాయె గద."

నాకు ఒళ్ళు మండింది. మరునాడు పెద్ద సాబ్ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను వద్దన్నాను, కాకా వద్దన్నాడు, పదిహేడో కాయిదా చెప్పాను, సాబ్ పొమ్మన్నాడు. మా సాబ్ ఎదురుగానే ఉన్నాడు, నేను తల దించలేదు. జిల్లాలో ఏ డ్రైవరూ ఒక సాబ్ మీద అలా సాక్ష్యం చెప్పి ఉండడు. మీరు నన్ను మెచ్చుకోబోతున్నారేమో, కొంచెం ఆగండి.

పెద్ద సాబ్ అడిగాడు: "నీ వైపు నుంచి ఏమైనా తప్పు ఉందా?"

"లేదు హుజూర్," అన్నాను.

తరువాత కాకాను అడిగారు. చెయ్యి మెడకు వేలాడుతోంది. నా వైపు ఒకసారి చూశాడు. హాండిల్ పట్టుకున్నప్పుడు చూసినట్టే చూశాడు.

"నేనేం చెప్పాలె సర్కార్? ఇంజనుకు కోపమచ్చింది. గంతే."

ఫలితాలు నెలరోజుల్లో వచ్చాయి. మా సాబ్‌ను శిక్షగా అక్కడినుంచి తీసేసి, ఇంకా పెద్ద జిల్లాకు పంపారు. పేష్కారు ముప్పై రెండో కాయిదా రాశాడు: వాగు దాటుతూ మోటారు ఆగిపోరాదు. కాకా హాండిల్ తిప్పడానికి పనికిరాడని ఇంటికి పంపారు. నన్ను మాత్రం దఫ్తరంతా సచ్చా ఆద్మీ, సత్యవంతుడు అన్నారు. బజారులో చాయ్ తాగితే తోటి డ్రైవర్లు నన్ను చూపించి కొత్తవాళ్ళకు చెప్పేవాళ్ళు. నేను వినయంగా తల దించుకునేవాణ్ణి. వాళ్ళు దాన్ని కూడా మెచ్చుకునేవాళ్ళు.

చలికాలమంతా ఇలాగే గడిచింది. అబద్ధం చెప్పి తిట్లు తిన్నవాడు ఏదో విధంగా నిద్రపోతాడు. అబద్ధం చెప్పి సత్యవంతుడనిపించుకున్నవాడి అవస్థ ఏమిటో నాకే తెలియాలి. చివరికి ఒకరోజు పేష్కారు దగ్గరికి పోయి స్పార్కు సంగతి చెప్పేశాను. రాసుకొమ్మన్నాను.

ఆయన కలం కింద పెట్టి, విచారణ కాగితాల మిసిల్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి జాలిగా చూశాడు. "మిసిల్ బంద్ అయింది. బంద్ అయిన మిసిల్ల ఇప్పుడు సచ్ వెడితె మిసిలంత కరాబైతది. పో, పని సూస్కో."

దఫ్తరులో నా తప్పుకు చోటు లేదు. ఇక మనిషి దగ్గరికి పోక తప్పలేదు.

మృగశిర కార్తె వచ్చాక సెలవు పెట్టి భోకర్ రైలెక్కాను. కాకా ఇంటి ముందు మంచంలో కూర్చొని ఎడమ చేత్తో తాడు పేనడానికి తంటాలు పడుతున్నాడు. ఆయన భార్య నీళ్ళిచ్చింది. చెంబు కింద పెట్టి చెప్పేశాను.

"కాకా, స్పార్కు మీదికి నూకలే నేను. తల ఊపిన గని నూకలే."

"నాకెరుకనే."

"ఎప్పటి సంది?"

"హాండిలు తన్నిన్నాడె. ఇరవయ్యేండ్లు ఎడ్లతోని ఉన్న బిడ్డా, ఏది ఎందుకు తంతదో నాకెరుక లేదా?"

"మరి పెద్ద సాబ్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

ఆయన తాడు పక్కన పెట్టాడు. "చెప్తె నీ నౌకరి గూడ పోతుండె. నా చెయ్యి అయితె తిరిగి రాదాయె." ఎడమ చేత్తో కుడి చెయ్యిని ఒళ్ళోకి జరుపుకున్నాడు. "నువ్వు చెప్తవనుకున్న. నీ మూతి సూసిన. చెప్పలే. ఇంటికచ్చినంక మస్తు కోపమచ్చింది. మా దాన్ని అడుగు, నిన్ను ఎన్ని తిట్లు తిట్టిన్నో."

"చానా తిట్టిండు," అంది ఆమె లోపలినుంచి. "నేను గూడ తిట్టిన."

నాకు ఆ మాటతో కొంచెం ఊపిరి ఆడింది. ఏం చేయమంటావని అడిగాను. ఆయన చేను వైపు చూశాడు. వాన పడింది, చుట్టుపక్కల అందరూ విత్తుతున్నారు. ఆయన చేను అలాగే ఉంది. నాగలి పట్టాలంటే కుడి చెయ్యి కావాలి.

"నాగలి పడ్తవా?"

"నాకు రాదు కాకా."

"మోటారు గూడ రాకనే నడిపితివి గద."

మరునాడు పొద్దున్నే చేనులో ఉన్నాను. గట్టు మీద ఆయన. ఎడ్లను అదిలించాను. అవి ఒక్కసారి ముందుకు ఉరికాయి, నాగలి పైకి లేచింది, నేను దాని వెంట పరుగెత్తాను.

"మెల్లగ!" అని గట్టు మీది నుంచి కేక. "ముందల మీటింగు లేదు, ఎనుక సాబ్ లేడు. ఎందుకురా గంత తొందర?"

చేను చివరిదాకా పోయి వెనక్కి తిరిగి చూసుకున్నాను. నేను దున్నిన సాలు పాము పోయినట్టు ఉంది. పక్క చేలవాళ్ళు పని ఆపి నవ్వుతున్నారు. కాకా నవ్వలేదు. గట్టు దిగి వచ్చి, ఎడమ చేత్తో పగ్గాలు పట్టి, ఎడ్లను మొదటికి తిప్పాడు. నాగలి మేడి మీద నా చేతులు ఎక్కడ ఉండాలో చూపించాడు.

"మళ్ళ తోలు," అన్నాడు.